చిప్‌తో ఇంట్లోనే ఆంప్లిఫయర్ కట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత టేప్‌రికార్డర్ బాక్సులూ, హోమ్ థియేటర్ పాడైపోగా మిగిలిన స్పీకర్లూ చాలా ఇళ్లలో అటక మీద పడి ఉంటాయి. వాటికి ఒక చిన్న ఆంప్లిఫయర్ కట్టి ఫోన్‌లో పాటలు వినాలన్న సరదా ఎప్పుడో ఒకసారి పుడుతుంది. నాకు పుట్టింది, పోలేదు. అప్పటి నుంచి చుట్టాలూ, పక్కింటి పిల్లలూ, ఆఫీసు మిత్రులూ తిప్పితిప్పి అడుగుతున్న ప్రశ్నలివి.

నేను ఎలక్ట్రానిక్స్ చదువుకోలేదు. నాతో అవుతుందా?

సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం, మల్టీమీటర్‌తో వోల్టులూ ఓములూ కొలవడం వస్తే అవుతుంది. ఒకప్పుడు ఆంప్లిఫయర్ కట్టాలంటే ట్రాన్సిస్టర్లను జతలు చూసి ఏరుకోవాలి, బయాస్ (పాట లేనప్పుడు వాటిలో పారే కొద్దిపాటి కరెంటు) సెట్ చేసుకోవాలి. పవర్ ఆంప్లిఫయర్ చిప్‌లో అదంతా కంపెనీవాళ్లే లోపల పెట్టేశారు. షార్ట్ అయితే కరెంటు తగ్గించుకునే ఏర్పాటు, మరీ వేడెక్కితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు కూడా లోపలే ఉంటాయి. మనం వేసేది చుట్టూ ఓ డజను విడిభాగాలు.

అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. చిప్ కొనడం ఇందులో అన్నిటికన్నా తేలిక పని. కష్టమంతా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, గ్రౌండ్ (సర్క్యూట్‌లో సున్నా వోల్టుల దారి) వైర్ల దగ్గర, చిప్ వేడిని గాలిలోకి వదిలే హీట్ సింక్ దగ్గర ఉంటుంది. కింది జవాబుల్లో ఎక్కువ భాగం వాటి గురించే ఉండడానికి కారణం అదే.

ఏ చిప్ తీసుకోవాలి?

మొదటిసారి కట్టేవాళ్లకు నేను చెప్పేది టీడీఏ2030ఏ. ఐదే కాళ్లు. 16 వోల్టుల ప్లస్, 16 వోల్టుల మైనస్ సప్లై ఇస్తే 4 ఓముల స్పీకర్‌కు 18 వాట్ల దాకా ఇస్తుంది. స్టీరియోకు రెండు చిప్‌లు కావాలి. ఇంకాస్త శుభ్రమైన శబ్దం కావాలంటే ఎల్‌ఎం1875. దీని కాళ్ల వరుస కూడా అదే కాబట్టి రేపు మనసు మారితే అదే బోర్డులో దీన్ని పెట్టుకోవచ్చు. ఇది 25 వోల్టుల ప్లస్ మైనస్ మీద 8 ఓములకు 20 వాట్లు ఇస్తుంది. చేతిలో ఇమిడే బుల్లి స్పీకర్‌కైతే ఎల్‌ఎం386 చాలు, 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. కానీ అర వాటు, ముప్పావు వాటు ఇచ్చే దాన్ని ఆంప్లిఫయర్ అనడం కంటే రేడియో గొంతు అనడం నయం.

ఎల్‌ఎం3886 గురించి అందరూ అడుగుతారు. 28 వోల్టుల ప్లస్ మైనస్ మీద 4 ఓములకు 68 వాట్లు అంటే ఎవరికైనా నోరూరుతుంది. అది రెండో ప్రాజెక్టుగా పెట్టుకోండి. అందులో మ్యూట్ అనే ఎనిమిదో కాలు ఉంటుంది. దాని నుంచి మైనస్ సప్లైకి ఒక రెసిస్టర్ వేసి కనీసం అర మిల్లీఆంప్ కరెంటు లాగకపోతే చిప్ నోరు విప్పదు. కొత్తవాళ్లు చిప్ పాడైందని పారేసేది ఎక్కువగా ఈ కాలు వదిలేసినందుకే.

మా ఊళ్లో అందరూ 4440 బోర్డు పెట్టుకోమంటున్నారు. అదేమైనా తక్కువా?

తక్కువేం కాదు. ఎల్ఏ4440 సాన్యో కంపెనీ కారు స్టీరియోల కోసం చేసిన చిప్. ఒక్క చిప్‌లోనే రెండు ఛానెళ్లు, ఒక్కోటి 6 వాట్లు. రెంటినీ బ్రిడ్జ్ చేస్తే, అంటే ఒకే స్పీకర్‌ను రెండు వైపుల నుంచీ నడిపిస్తే, 19 వాట్లు. మన దగ్గర అసెంబుల్డ్ ఆంప్లిఫయర్లలో, ఆటోల్లో, ట్రాక్టర్లలో ఇన్నేళ్లు మోగింది ఎక్కువగా ఇదే. 12 వోల్టుల బ్యాటరీ మీద నేరుగా నడుస్తుంది, మైనస్ సప్లై అక్కర్లేదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీకి తగిలించుకోవచ్చు.

చిక్కల్లా ఒక్కటే. కంపెనీ దీన్ని 13.2 వోల్టులకు డిజైన్ చేసింది, 18 దాటకూడదు. మనవాళ్లు 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య వైరుకు అటూ ఇటూ 12 వోల్టుల ఏసీ ఇచ్చేది) కొని తగిలిస్తారు. 12 వోల్టుల ఏసీ డయోడ్లు దాటి కెపాసిటర్‌లో నిండేసరికి 16 అవుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఇంకా పైకి పోతుంది. చిప్ రోజూ అంచు మీద బతుకుతుంది, ఓ రాత్రి పోతుంది. దీనికి 9-0-9 కొనండి. సుమారు 12 వోల్టుల డీసీ వస్తుంది, శబ్దం రవ్వంత తగ్గుతుంది, చిప్ ఉంటుంది.

గదికి ఎన్ని వాట్లు కావాలి?

మీరనుకుంటున్నదానికన్నా తక్కువే. మామూలు ఇంటి స్పీకర్ ఒక వాటుకు మీటరు దూరంలో 88 డెసిబెల్ దాకా ఇస్తుంది. 10 వాట్లు ఇస్తే 98 డెసిబెల్. 12 బై 12 గదిలో అది పక్కవాటా వాళ్లు తలుపు కొట్టే మోత. 10ని 20 చేస్తే పెరిగేది 3 డెసిబెలే, చెవికి కొంచెం ఎక్కువైనట్టు తెలుస్తుంది, అంతే. రెట్టింపు మోత అనిపించాలంటే వాట్లు పది రెట్లు కావాలి. అందుకే 15 వాట్ల చిప్ వదిలేసి 25 వాట్ల చిప్ కోసం తిరగడం వృథా. ఆ డబ్బులు స్పీకర్ మీద పెట్టండి. డబ్బా మీద వేల లెక్కన పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠం పేరుతో వేసే అంకె) అని రాసే వాట్లను లెక్కలోకే తీసుకోవద్దు.

వినాయక చవితి పందిరికి కావాలంటారా? అది ఈ చిప్‌ల పని కాదు, మైక్‌సెట్టు అద్దెకు తెచ్చుకోండి.

ట్రాన్స్‌ఫార్మర్ ఏది కొనాలి?

అసలు ప్రశ్న ఇది. చిప్ చూసి ట్రాన్స్‌ఫార్మర్ కొంటారు చాలామంది. నేనైతే దొరికిన ట్రాన్స్‌ఫార్మర్ చూసి చిప్ ఎంచుకుంటాను. ఖర్చులో పెద్ద భాగం అదే, బరువులోనూ అదే.

లెక్క ఇలా. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన ఏసీ వోల్టులను 1.414తో గుణించి, డయోడ్ కోసం 0.7 తీసేయండి. 12-0-12 అయితే సుమారు 16 వోల్టుల ప్లస్, 16 వోల్టుల మైనస్. కాగితం మీద బాగుంది. ఇప్పుడు ఊళ్లో సంగతి చూడండి. రాత్రి పదకొండు దాటాక లోడు తగ్గి లైన్లో 230 బదులు 250 వస్తుందనుకుందాం. అప్పుడు 12 కాస్తా 13 అవుతుంది, డీసీ 17.7 అవుతుంది. పైగా ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన వోల్టులు పూర్తి లోడు మీద ఇచ్చేవి. పాట లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పది శాతం ఎక్కువే ఇస్తుంది. మొత్తం 19 దాటింది. చివర ‘ఏ’ అనే అక్షరం లేని పాత టీడీఏ2030కి పరిమితి 18. చివర ‘ఏ’ ఉన్నదానికి 22. ఆ ఒక్క అక్షరం కోసం షాపులో పట్టుబట్టమని చెప్పేది ఇందుకే.

18-0-18 అయితే 25 వోల్టుల దాకా వస్తుంది. అది ఎల్‌ఎం1875కి సరిపోతుంది, దాని పరిమితి 30. టీడీఏ2030ఏ కంటే పెద్ద చిప్ అయిన టీడీఏ2050కి 25 అంటే సరిగ్గా అంచు, నేను పెట్టను. 24-0-24తో 33 వస్తుంది, 8 ఓముల స్పీకర్లతో ఎల్‌ఎం3886కి బాగుంటుంది.

ఆంపియర్ల విషయం. స్టీరియో టీడీఏ2030ఏకి 12-0-12, 3 ఆంప్స్ తీసుకోండి. 1 ఆంప్‌తో కూడా పాట వస్తుంది కానీ డప్పు కొట్టినప్పుడల్లా సప్లై కుంగి గొంతు చీరుకుపోతుంది. షాపులో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఒకే సైజులో ఉండి, ధర బాగా తేడా ఉంటే చేత్తో తూచి చూడండి. తేలికగా ఉన్నది అల్యూమినియం చుట్టు అయి ఉండొచ్చు. రాగి చుట్టా కాదా అని మొహమాటపడకుండా అడగండి.

ల్యాప్‌టాప్ అడాప్టర్ వాడొచ్చా?

వాడొచ్చు. 19 వోల్టుల అడాప్టర్ ఒక్క ప్లస్ సప్లై మాత్రమే ఇస్తుంది, కాబట్టి టీడీఏ2030ఏని సింగిల్ సప్లై పద్ధతిలో కట్టాలి. అంటే చిప్ ఇన్‌పుట్‌ను సగం వోల్టుల దగ్గర నిలబెట్టి, స్పీకర్ వైర్లో ఒక పెద్ద కెపాసిటర్ వెయ్యాలి. 4 ఓముల స్పీకర్‌కు ఇక్కడ 2200 మైక్రోఫారడ్ వేస్తే 18 హెర్ట్జ్ దాకా బేస్ దిగుతుంది, 1000 వేస్తే 40 దగ్గరే ఆగిపోతుంది. 4 ఓములకు ఆరు వాట్ల చుట్టూ వస్తుంది. 230 వోల్టుల వైర్లు ముట్టుకోకుండా పని అయిపోతుంది కనుక ఇంట్లో పిల్లలు కడతామంటే నేను చెప్పే దారి ఇదే.

సర్క్యూట్ మాటల్లో చెప్పగలరా?

చెప్తాను, కాగితం పెన్ను పెట్టుకోండి. ఇది టీడీఏ2030ఏకి, ప్లస్ మైనస్ సప్లై మీద ఒక ఛానెల్‌కు. చిప్ మీద రాత మీవైపు ఉండగా ఎడమ నుంచి ఒకటో కాలు ఇన్‌పుట్, రెండు ఫీడ్‌బ్యాక్, మూడు మైనస్ సప్లై, నాలుగు ఔట్‌పుట్, ఐదు ప్లస్ సప్లై.

వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలు నుంచి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీదుగా ఒకటో కాలుకు రండి. ఒకటో కాలు నుంచి గ్రౌండ్‌కు 22 కె రెసిస్టర్. నాలుగో కాలు నుంచి రెండో కాలుకు ఇంకో 22 కె. రెండో కాలు నుంచి 680 ఓముల రెసిస్టర్, దాని వెనక 22 మైక్రోఫారడ్ కెపాసిటర్, అక్కడి నుంచి గ్రౌండ్. 22000ని 680తో భాగించి ఒకటి కలిపితే 33. లోపలికి వచ్చిన సిగ్నల్ అన్ని రెట్లు పెరుగుతుంది. నాలుగో కాలు నుంచి గ్రౌండ్‌కు 1 ఓము రెసిస్టర్, 0.22 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసగా. ఇది పాటకు ఏమీ చేయనట్టే ఉంటుంది, దీన్ని మాత్రం ఎగ్గొట్టకండి. నాలుగో కాలు నుంచి రెండు సప్లైలకూ ఒక్కో 1ఎన్4001 డయోడ్ రివర్స్‌లో. అంటే గీత ఉన్న వైపులు ప్లస్ సప్లైకి, ఔట్‌పుట్‌కి వస్తాయి. చివరగా మూడో కాలు నుంచి గ్రౌండ్‌కు 0.1, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, ఐదో కాలుకూ అలాగే. ఈ 0.1లు చిప్ కాళ్లకు అతుక్కుని ఉండాలి, బోర్డుకు అవతలి మూల కాదు.

సప్లై వైపు 1ఎన్5408 డయోడ్లు నాలుగు, ఒక్కో వైపుకు 35 వోల్టుల 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఒక ఆంప్ లాగుతున్నప్పుడు దీని మీద సుమారు 2 వోల్టుల అలలు ఉంటాయి, ఈ చిప్ వాటిని తట్టుకుంటుంది. 1ఎన్4007 డయోడ్లు ఇంట్లో ఉన్నాయని పెట్టొద్దు, అవి ఒక ఆంప్‌వి. మొత్తం జీరో పీసీబీ (వరుసగా చిల్లులున్న ఖాళీ బోర్డు) మీద ఒక ఆదివారం పని.

ప్రీ ఆంప్లిఫయర్ కావాలా?

ప్రీ ఆంప్లిఫయర్ అంటే బలహీనమైన సిగ్నల్‌ను ముందే కొంత పెంచేది. ఫోన్‌కు, టీవీకి అక్కర్లేదు. 33 రెట్ల గెయిన్ ఉంది కాబట్టి 0.3 వోల్టుల సిగ్నల్‌కే ఈ ఆంప్లిఫయర్ ఫుల్లుగా మోగుతుంది, ఫోన్లు అంతకంటే ఎక్కువే ఇస్తాయి. 10 కె వాల్యూమ్ కంట్రోల్ చాలు. దాని మీద బీ అని కాకుండా ఏ అని ఉన్నది అడగండి. బీ రకం తిప్పగానే మొదటి పావులోనే మోత అంతా వచ్చేస్తుంది. మైకుకు మాత్రం ప్రీ ఆంప్లిఫయర్ తప్పనిసరి.

హీట్ సింక్ ఎంత పెద్దది పెట్టాలి? మైకా కాగితం ఎందుకు?

16 వోల్టుల ప్లస్ మైనస్ మీద 4 ఓముల స్పీకర్‌తో ఒక్కో చిప్ దాదాపు 13 వాట్ల వేడి పుట్టించగలదు, 8 ఓములైతే అందులో సగం. విచిత్రం ఏమిటంటే ఈ వేడి ఫుల్ వాల్యూమ్‌లో కాదు, మధ్యస్థంగా మోగేటప్పుడు ఎక్కువ. మే నెల మధ్యాహ్నం డబ్బా లోపలే 45 డిగ్రీలు ఉంటుంది మనకు. అగ్గిపెట్టె సైజు అల్యూమినియం ముక్క పెట్టి సరిపోయిందనుకుంటే చిప్ కాసేపటికోసారి ఆగి, చల్లారి, మళ్లీ పాడుతుంది. పాత కంప్యూటర్ ప్రాసెసర్ మీది హీట్ సింక్ దొరికితే రెండు చిప్‌లకూ భేషుగ్గా సరిపోతుంది.

మైకా సంగతికి వస్తే, ఈ చిప్ వెనక రేకు లోపల మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది, గ్రౌండ్‌కు కాదు. నేను మొదటిసారి కట్టినప్పుడు ఆ ముక్క తెలియక రెండు చిప్‌లనూ నేరుగా ఇనుప డబ్బాకే బిగించాను. డబ్బా గ్రౌండ్‌కు కలిసి ఉంది. స్విచ్ వేయగానే టప్‌మని డయోడ్లు పోయాయి, ఆ వాసన పరుపులో రెండు రోజులుంది. కాబట్టి చిప్‌కూ హీట్ సింక్‌కూ మధ్య మైకా, రెండు వైపులా పల్చగా హీట్ సింక్ పేస్టు, స్క్రూకు ప్లాస్టిక్ బుష్. బిగించాక మల్టీమీటర్‌లో బీప్ పెట్టి చిప్ రేకుకూ హీట్ సింక్‌కూ మధ్య చూడండి. బీప్ రాకూడదు.

మొదటిసారి స్విచ్ వేయడానికి భయంగా ఉంది.

ఉండాలి కూడా. ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బల్బు ఇక్కడ ప్రాణదాత. 60 వాట్ల ఫిలమెంట్ బల్బును ఫేజ్ వైర్లో వరుసగా పెట్టి దాని ద్వారా ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఇవ్వండి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే కెపాసిటర్లు నిండాయన్నమాట, అంతా క్షేమం. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, ఆపేయండి. అప్పుడు పోయేది ఏమీ ఉండదు.

బల్బు ఆరాక కూడా స్పీకర్ తగిలించొద్దు. ముందు ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు కలిపి, స్పీకర్ టెర్మినల్స్ మధ్య డీసీ వోల్టులు కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిది. రెండు మూడు వోల్టులో, ఏకంగా 16 వోల్టులో చూపిస్తే స్పీకర్ కాయిల్ నిమిషంలో మాడుతుంది. ఆ స్థితిలో ఫీడ్‌బ్యాక్ దారి తెగిందా, చిప్ పోయిందా చూడాలి. మొదటి పరీక్షకు ఎందుకూ పనికిరాని పాత స్పీకర్ ఒకటి ఉంచుకోండి.

230 వోల్టుల వైపు మూడు మాటలు: ఫేజ్‌లో 1 ఆంప్ ఫ్యూజు, ప్రతి అతుకు మీద స్లీవ్, ఇనుప డబ్బా అయితే మూడు పిన్నుల ప్లగ్గుతో డబ్బాకు ఎర్త్.

పాట వస్తోంది కానీ వెనకాల గుయ్‌మని మోత. ఎన్ని కెపాసిటర్లు మార్చినా పోవట్లేదు.

పోదు, ఎందుకంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పు కెపాసిటర్‌ది కాదు, గ్రౌండ్ వైర్లది. ముందు వాల్యూమ్ సున్నా చేయండి. మోత పోతే అది ఇన్‌పుట్ వైపు నుంచి వస్తోంది. షీల్డ్ వైరు (చుట్టూ లోహపు అల్లిక ఉన్నది) వాడారా? వాల్యూమ్ కంట్రోల్ రేకు మీద వేలు పెడితే మోత మారుతోందా? మారితే ఆ రేకుకు గ్రౌండ్ వైరు అతికించండి, చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. ఫోన్‌తో నిశ్శబ్దంగా ఉండి, కంప్యూటరో సెట్‌టాప్ బాక్సో తగిలిస్తే మోత వస్తుంటే అది రెండు ఎర్త్‌ల మధ్య తిరుగుతున్న కరెంటు. రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి మోత పోగొట్టే తెలివి మాత్రం వద్దు.

వాల్యూమ్ సున్నాలో కూడా జుర్‌మని వస్తోందంటే సప్లై దగ్గర వైర్లు చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య వైరు నుంచి రెండు పెద్ద కెపాసిటర్లు కలిసే చోటుకు మధ్య, సెకనుకు వందసార్లు పెద్ద కరెంటు దెబ్బలు కొడుతూ ఉంటాయి. ఆ ముక్కలో ఎక్కడైనా మీ ఇన్‌పుట్ గ్రౌండ్ అతికించారా, ఆ దెబ్బలన్నీ 33 రెట్లు పెరిగి స్పీకర్లో వినిపిస్తాయి. కెపాసిటర్లు కలిసే చోటు దాటాక ఒక స్క్రూ పెట్టుకుని, స్పీకర్ గ్రౌండ్ ఒక వైరు, చిప్‌ల గ్రౌండ్ ఒక వైరు, ఇన్‌పుట్ గ్రౌండ్ ఒక వైరు, దేనికది విడిగా అక్కడికే తెచ్చి కలపండి. చూడడానికి అందంగా ఉండదు.

పాట పెట్టకుండానే చిప్ చేయి కాలేంత వేడెక్కుతోంది.

చెవికి వినపడనంత పై ఫ్రీక్వెన్సీలో అది తనలో తాను మోగుతోంది. పైన ఎగ్గొట్టొద్దన్న 1 ఓము, 0.22 మైక్రోఫారడ్ జత ఉందా? 0.1 కెపాసిటర్లు కాళ్ల దగ్గరే ఉన్నాయా? శబ్దం మరీ ఎక్కువగా ఉందని గెయిన్ తగ్గించారా? టీడీఏ2030ఏని 16 రెట్ల కంటే కింద నడిపితే నిలకడ ఉండదు. ఎల్‌ఎం1875కీ, ఎల్‌ఎం3886కీ ఆ హద్దు 10 రెట్లు.

నకిలీ చిప్ అని ఎలా తెలుస్తుంది?

చూసి చెప్పడం కష్టం. చవక టీడీఏ2030ని గీకి, దాని మీద ఎల్‌ఎం1875 అని అచ్చేసి అమ్మడం బజారులో ఉన్నదే. 25 వోల్టులు ఇవ్వగానే దాని రంగు బయటపడుతుంది. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్ లాంటి చోట్ల నాలుగు షాపులు తిరిగి అడగండి, ధర మరీ తక్కువ చెప్పిన చోట ఒకటే కొని పరీక్షించండి. ఎల్‌ఎం చిప్‌లు మొదట నేషనల్ సెమీకండక్టర్‌వి. 2011లో ఆ కంపెనీని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనేసింది. కాబట్టి కొత్త సరుకు అంటూ పాత నేషనల్ గుర్తు చూపిస్తే కాస్త అనుమానించండి.

రెండు వందలకు బ్లూటూత్‌తో సహా క్లాస్ డి బోర్డు వస్తుంటే ఇదంతా దేనికి?

న్యాయమైన ప్రశ్న. క్లాస్ డి అంటే ట్రాన్సిస్టర్లను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచే రకం, వేడి తక్కువ. ఉపయోగమే లెక్కయితే అదే కొనండి. టీపీఏ3116 బోర్డు ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద చల్లగా నడుస్తుంది, హీట్ సింక్ బొటనవేలంత. ఒక్క జాగ్రత్త, వాటిలో స్పీకర్ మైనస్ వైరు గ్రౌండ్ కాదు. రెండు స్పీకర్ల మైనస్‌లనూ కలిపితే బోర్డు పోతుంది. బ్రిడ్జ్ చేసిన 4440కి కూడా ఇదే వర్తిస్తుంది.

కట్టుకోవడంలో సరదా వేరు. జపాన్‌లో 47 ల్యాబొరేటరీ అనే సంస్థ 1990ల చివర్లో గెయిన్‌కార్డ్ అని ఒక ఆంప్లిఫయర్ తెచ్చింది. విప్పి చూస్తే లోపల ఎల్‌ఎం3875 చిప్, దాని చుట్టూ గుప్పెడు భాగాలు. ధర మాత్రం ఖరీదైన సెట్ల సరసన. అది చూసి ప్రపంచమంతా ఇంట్లో నకళ్లు కట్టడం మొదలుపెట్టింది, వాటికి గెయిన్‌క్లోన్ అనే పేరు స్థిరపడింది. మీరు జీరో పీసీబీ మీద అతికించేది ఆ వంశానికి చెందినదే.

బ్లూటూత్ మాడ్యూల్ కలిపితే టిక్ టిక్, గరగర వస్తోంది.

మాడ్యూల్ లాగే కరెంటు తునకలు గ్రౌండ్ ద్వారా ఆంప్లిఫయర్‌లోకి జొరబడుతున్నాయి. పాత ఫోన్ ఛార్జర్‌తో దానికి విడిగా 5 వోల్టులు ఇచ్చి చూడండి, పోతే కారణం అదే. డబ్బా లోపలే పెట్టాలంటే బీ0505ఎస్ అనే చిన్న ఐసొలేటెడ్ (రెండు వైపుల గ్రౌండ్లనూ విడదీసే) కన్వర్టర్ దొరుకుతుంది, దాన్ని మధ్యలో వేయండి.

ఒక పక్క స్పీకర్ మోగట్లేదు. చిప్ పోయినట్టేనా?

ముందు స్పీకర్ వైర్లు అటూ ఇటూ మార్చండి. మౌనం స్పీకర్‌తో పాటు వెళ్లిందా, స్పీకర్‌దే తప్పు. వెళ్లకపోతే ఇన్‌పుట్ పిన్నులు అటూ ఇటూ మార్చండి. అప్పుడు మౌనం పక్క మారితే ఫోన్ వైరుదే తప్పు. రెంటికీ కదలకపోతే ఆ పక్క వాల్యూమ్ కంట్రోల్ నుంచి మొదలుపెట్టి అతుకులు చూసుకుంటూ రండి. నేను చూసినంతలో చిప్ కంటే ముందు దొరికేది సరిగ్గా కరగని అతుకే.